గుడ్‌ఫ్రైడే నాడు ఎర్రబడ్డ వాల్వు

మావారికి మాట పోయిన పన్నెండో నెలలో నేను గిటారు ఆంప్లిఫయర్ కట్టడం మొదలుపెట్టాను. అదీ ఈ కాలపు చిప్పులతో కాదు, పాత రేడియోల్లో వెలిగే గాజు వాల్వులతో. రేపల్లెలో మా వీధివాళ్ళకి అప్పటిదాకా నా మీద జాలి ఉండేది. ఆ తర్వాత కొంచెం భయం కూడా మొదలైంది.

ఇంట్లో మేం ముగ్గురం. మావారు, ఆయన అక్కయ్య, నేను. ఆయన అక్కయ్య నాకు వదిన. నర్సుగా చేసి రిటైరై మా దగ్గరే ఉంటోంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. నా కోపం సంగతి మా స్కూలు పిల్లల్నడిగితే కథలు కథలుగా చెబుతారు. మావారిది ఆఫీసు ఉద్యోగం, కానీ ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఆ ఉద్యోగంతో గుర్తుపెట్టుకోలేదు. ముప్పై ఏళ్ళుగా మా లూథరన్ గుడిలో గిటారు ఆయనది. బలిపీఠానికి కుడివైపు ఒక చెక్క కుర్చీ ఉంది. అందులో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ తింటూ కుడివైపుకి ఒరిగిపోయారు. గుంటూరు తీసుకెళ్ళాం. ప్రాణం దక్కింది. కాలు ఈడుస్తూనైనా నడక వచ్చింది. మాట రాలేదు. మిగిలింది ఒకే ఒక్క మాట, 'అదే'. మంచినీళ్ళు కావాలన్నా అదే, బాత్రూముకెళ్ళాలన్నా అదే, నా మీద ఒళ్ళుమండినా అదే. పోనీ రాసి చూపించమంటే ఎడం చేత్తో నాలుగు గీతలు గీసి, ఆ గీతల వంక కాసేపు చూసి, కాగితం విసిరికొట్టేవారు. డాక్టరుగారు నాతో ఒకటే చెప్పారు. "ఆయనకి అన్నీ అర్థమవుతాయమ్మా. చెప్పడమే రాదు." ఆ రోజు నుంచీ ఆయన చెప్పాలనుకునేదంతా నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆయనకి కాఫీ వద్దట. ఆయనకి ఫ్యాను గాలి పడటం లేదట. ఆయనకి మీరొచ్చినందుకు సంతోషంగా ఉందట. ఎవరో ఒకరు చెప్పాలి కదా! నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు?

ఏడు నెలలు గడిచాక ఒక సాయంత్రం గిటారు వంక చూసి 'అదే' అన్నారు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఎడం చెయ్యి ఎక్కడిదక్కడ వెళ్ళి తీగల మీద కూర్చుంది, ఏమీ జరగనట్టే. కుడి చెయ్యి మాత్రం తడిబట్టలా వేలాడింది. వేళ్ళు తీగల మీద ఈడ్చుకుంటూ పోయాయి, ఇంత శబ్దమొచ్చింది. ఇంతంటే, పక్క గదిలో ఉన్న వదినకి వినబడనంత. అయినా ఆ చిన్న శబ్దానికి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. రోజూ పావుగంట, తర్వాత అరగంట వాయించారు. పదో నెలలో ఆయన్ని మళ్ళీ గుడికి తీసుకెళ్ళి, ఆయన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాను.

ఆ ఆదివారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఇప్పుడు మండేది వేరే కారణానికైనా. గిటారు వైరు మిక్సర్‌లో పెట్టారు. మిక్సర్ దగ్గర కూర్చునేది మా సంఘం సెక్రటరీగారు, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. పాట మొదలైంది. కీబోర్డు వినబడుతోంది, తబలా వినబడుతోంది, కోయిరు వినబడుతోంది. మావారి చెయ్యి ఆడుతోంది గానీ చుక్క శబ్దం లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. సెక్రటరీగారి వేలు ఒక మీట మీద ఉంది. ఆ మీట అట్టడుగున ఉంది.

గుడి వదిలాక మెట్ల దగ్గరే పట్టుకున్నాను. "ముప్పై ఏళ్ళు వాయించిన మనిషండీ! నోరు పోయిందని చెయ్యి కూడా నొక్కేస్తారా? ఆయన శబ్దం మీకంత బరువైందా?" నా గొంతు రోడ్డు మీదకి వినబడింది. ఆయన చెప్పులు వేసుకుంటూ, "అది కాదమ్మా..." అని ఆగిపోయారు. "ఏది కాదండీ? చెప్పండి!" అన్నాను. ఆయన మావారి వైపు ఒకసారి చూశారు. "పోనీలెండమ్మా" అని తల దించుకుని వెళ్ళిపోయారు. జవాబు లేనివాడే తప్పు చేసినవాడని అప్పుడు నా సిద్ధాంతం. తర్వాతి ఆదివారం, ఆ పై ఆదివారం కూడా అదే జరిగింది. మూడోసారి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. వందనాలంటే కూడా మొహం తిప్పుకునేదాన్ని.

మావారు ఆ తర్వాత గిటారు ముట్టుకోలేదు. కసరత్తు చేయించే ఆయన ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం రెండు ముద్దలు తిని నోరు బిగించేసేవారు. వదిన తన జీవితమంతా రోగుల్ని చూసిన మనిషి. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ నాతో నెమ్మదిగా అంది. "చెయ్యి వాడకపోతే బిగుసుకుపోద్దే. చెయ్యొక్కటే కాదు. వాడు బతకడం మానేస్తున్నాడు." బట్టల బుట్ట అక్కడే వదిలేసి లోపలికొచ్చాను. గోడవైపు తిరిగున్న వీపు కనబడింది. నాకు కారణం తెలుసు. ఆయన వినబడటం లేదు, అందుకే. నలుగురూ విన్న రోజు ఆయన లేచి కూర్చుంటారు. అంత సూటిగా, అంత మొండిగా నమ్మాను.

కొనొచ్చు కదా అన్నారు అందరూ. కొన్నాను. అరచేతి మందం ఉన్న డబ్బా ఒకటి తెప్పించాను. ఆయన బలహీనమైన మీటుకి అందులోంచి వచ్చింది దోమ రొద. మా నాన్నకి తెనాలిలో మైకుసెట్ల రిపేరు షాపుండేది. నేను పెరిగింది ఆ షాపులో టంకం పొగలోనే. మెల్లగా మాట్లాడే మనిషి మాట కూడా వాల్వు పట్టించుకుంటుందని మా నాన్న నమ్మకం. శాస్త్రం అడిగితే నేను మీతో వాదించను. నాకప్పుడు శాస్త్రంతో పనిలేదు, పాట వినబడటంతో పని.

శనివారం తెనాలి వెళ్ళాను. మా తమ్ముడింట్లో అటక మీద నాన్న వదిలేసిన మైకుసెట్టు ఒకటుంది. వాల్వులు లేవు, వైర్లు ఎలకలు కొట్టేశాయి, ఇనుము మాత్రం మిగిలింది, అంటే రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. "అక్కా, దాన్ని పాతసామాన్లవాడు కూడా వద్దన్నాడే" అన్నాడు తమ్ముడు. గోనెసంచిలో చుట్టి రేపల్లె పాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అమృతలూరు వైపు వెళ్ళే ఒకామె ఎదురు సీట్లో కూర్చుని, "ఏంటమ్మా అది, కుంకుళ్ళా?" అని అడిగింది. అవునండి అన్నాను. ఏమని చెప్పను?

వాల్వుల కోసం బాపట్ల వెళ్ళాను. నాన్న దగ్గర పని నేర్చుకున్న మైకుసెట్టాయన అక్కడ ఉంటాడు. ఇప్పుడు కొడుకులు పెద్ద పెద్ద స్పీకర్లు అద్దెకి తిప్పుతున్నారు, ఆయన షాపు ముందు మడతకుర్చీలో కూర్చుంటాడు. నేను చెప్పిందంతా విని, లోపలికెళ్ళి, పాత బిస్కెట్టు డబ్బాలోంచి గుడ్డ చుట్టిన రెండు వాల్వులు తెచ్చాడు.

"ఇంతే ఉన్నాయి అమ్మాయ్. ఇంకోటి కావాలన్నా లేదు. గురువుగారి కూతురివి, నీకు నేను చెప్పేదేముంది గానీ, బయాస్ మాత్రం వేడిగా పెట్టమాక. చల్లగా పెట్టుకున్నావా, పదేళ్ళు వస్తాయి."

"పదేళ్ళు నాకెందుకు బాబాయ్, ఒక్క పాట చాలు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. టీ తాగించి రైలెక్కించాడు.

ఆ ఒక్క పాట ఎప్పుడో నేను ముందే చూసుకున్నాను. గుడ్‌ఫ్రైడే. ఆ రోజు మా గుడిలో కీబోర్డుండదు, తబలా ఉండదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మాటకీ మాటకీ మధ్య ఒక్కో పాట, నిదానంగా. తోడు గిటారు ఒక్కటే. అయ్యగారింటికి వెళ్ళి అడిగాను. మా పాస్టరయ్యగారు చిన్నవాడు, మెత్తనివాడు. "నాలుగో మాట తర్వాత పాట ఆయనకే ఇద్దామమ్మా. మిగతావి ఉత్త గొంతుతో పాడుకుందాం" అన్నారు. "మిక్సర్ అక్కర్లేదండి, నా డబ్బా నేను తెచ్చుకుంటాను" అని గట్టిగా చెప్పి వచ్చాను. సెక్రటరీగారి వేలికి ఇక అందదు.

ఏడు వారాలు కట్టాను. స్కూలు నుంచి వచ్చి, ఆయనకి పాలు పట్టించి, ఏడింటికి ముందుగదిలో చాప వేసుకుని కూర్చునేదాన్ని. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక తీగచుట్ట కాలిపోయింది, బయాస్‌కి కావలసిన మైనస్ వోల్టులు ఇచ్చే చుట్టే సరిగ్గా అదే. మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే. నేనేం చేశానంటే, ఇంట్లో పాత సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లు మూడుంటే, వాటిని ఒకదాని తోకకి ఒకటి కట్టి ముప్పై ఆరు వోల్టులు తీశాను. అవి కదలని వోల్టులు. ఊళ్ళో కరెంటు పెరిగినా తగ్గినా ఆ అడాప్టర్లు అంతే ఇస్తాయి. ఎంత తెలివైన పని చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

బయాస్ అంటే పెద్ద విద్యేం కాదు. కుళాయి పూర్తిగా కట్టెయ్యకుండా సన్నటి ధార వదిలిపెట్టడం లాంటిది. మరీ బిగిస్తే, మెల్లగా మీటిన స్వరం బయటికి రాకుండానే చచ్చిపోతుంది. మరీ వదిలితే, ఎవరూ వాయించకపోయినా వాల్వు తనలో తనే కాలుతుంది, లోపలి రేకు ఎర్రగా మండుతూ కనబడుతుంది. ఆ ధార ఎంత వదలాలో చూసుకుంటూ ఒక చిన్న మరని స్క్రూడ్రైవర్‌తో తిప్పడమే పని. కాకపోతే పక్కనే ప్రాణం తీసే వోల్టులుంటాయి. మా నాన్న షాపులో అబ్బాయిలకి ఎడం చెయ్యి జేబులో పెట్టుకోమనేవాడు, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందని. నాకు జేబెక్కడిది? ఎడం చెయ్యి నడుం దగ్గర కొంగులో దోపుకోమని నేర్పాడు. గాజులు తీసి పక్కన పెట్టమన్నాడు.

మొదటిరోజు గాజులు తీసి చాప మీద పెట్టాను. వదిన గుమ్మంలోంచి చూసింది.

"అవేం పనులే! మొగుడు మంచంలో ఉంటే బోసి చేతులేసుకుని కూర్చుంటావా, దీపాలవేళ?"

"గాజులతో ముట్టుకుంటే నేనూ మంచమెక్కుతాను. అప్పుడు ఇద్దరికీ నువ్వే వండాలి. సరేనా?"

వదిన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ రోజూ నేను లేచేదాకా గుమ్మంలోనే కూర్చునేది, చేతిలో ఎండిన చెక్క గరిట పట్టుకుని. నన్ను కరెంటు పట్టుకుంటే కొట్టి విడిపించడానికట. నర్సు కదా!

డబ్బా పలికిన రోజు మావారిని కుర్చీలో కూర్చోబెట్టి గిటారు ఒళ్ళో పెట్టాను. వద్దన్నట్టు తల అటూ ఇటూ ఊపారు. "ఒక్కసారి, నా కోసం" అని బతిమాలాను. మీటారు. చిన్నగా వచ్చింది, చివర తెగిపోయింది. ఆయన తల మళ్ళీ అడ్డంగా ఊపారు. చాల్లేదన్నమాట. బయాస్ బిగుతుగా ఉంది, చిన్న మీటుని మింగేస్తోంది. ఇంకొంచెం వదిలాను. మళ్ళీ మీటమన్నాను. ఈసారి గది నిండా వచ్చింది. ఆయన మళ్ళీ తల ఊపారు. "అదే... అదే!" అన్నారు, కళ్ళలో నీళ్ళతో. "తెలుసండీ, ఇంకా కావాలి, నాకు తెలుసు" అన్నాను. ఇంకొంచెం వదిలాను. బాపట్లాయన చెప్పింది గుర్తుంది, అయినా వదిలాను. ప్లేటుకి, అంటే ఆ లోపలి రేకుకి అందే వోల్టులు ఉండాల్సినన్ని లేవు, తక్కువగా చూపించింది మీటరు. ముసలి ట్రాన్స్‌ఫార్మర్, అంతే ఇస్తుందిలే అనుకున్నాను. వాల్వు లోపల ఒత్తి కూడా మసకగా వెలిగేది. ముసలిదే కదా.

అలా రోజుకింత చొప్పున, ఆయన తల ఊపినప్పుడల్లా వదులుకుంటూ పోయాను. గుడ్‌ఫ్రైడే ముందురోజు సాయంత్రానికి మా ముందుగదిలో అది పలికే తీరు చూసి వదిన కూడా గరిట కింద పెట్టింది. ఇంట గెలిచాను.

ఆ శుక్రవారం ఎండ ఫెళ్ళున కాస్తోంది. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. పెనుమూడి వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు, గుడి కిటకిటలాడింది. మావారికి తెల్ల చొక్కా తొడిగాను. తొడిగేటప్పుడు చెయ్యి ముందుకి ఇవ్వలేదు, బరువుగా వదిలేశారు. ఆటో ఎక్కేటప్పుడు గుమ్మం పట్టుకుని కదలనన్నారు. భయపడుతున్నారు, మొదట్లో ఎవరికైనా ఉంటుంది అనుకుని వదినా నేనూ చెరో రెక్క పట్టి ఎక్కించాం.

ఆయన్ని ఆయన కుర్చీలో, డబ్బాని ఆయన పక్కన, నన్ను నేను డబ్బా వెనక ఒక స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాను. నాలుగో మాట మీద ప్రసంగం చివరికొస్తుండగా స్విచ్ వేశాను, అది అయ్యేసరికి వేడెక్కి ఉంటుందని. ఒత్తులు వెలిగాయి. మా ఇంట్లో ఎప్పుడూ వెలగనంత తెల్లగా వెలిగాయి. ఏంటి ఇంత వెలుగు అనుకుంటూ ఉండగానే ఎడమవైపు వాల్వు లోపల రేకు మీద అగ్గిపుల్ల తలంత ఎరుపు కనబడింది. చూస్తుండగా అది రూపాయి బిళ్ళంత అయింది.

ఓరి దేవుడా!

సంచిలోంచి మీటరు తీసి పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టాను. రెండొందల నలభై ఆరు వోల్టులు. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. సాయంత్రమైతే మా ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువులన్నిట్లో నీళ్ళని చిలికే ఏరేటర్లు ఒక్కసారిగా తిరగడం మొదలుపెడతాయి. ఊళ్ళో కరెంటు దిగిపోతుంది. ట్యూబులైట్లు కొట్టుకుంటాయి, ఫ్రిజ్‌లు మూలుగుతాయి. ఇది రేపల్లెలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పగలు చెరువులు ఊరుకుంటాయి, కరెంటు పూర్తిగా ఉంటుంది. ఏడు వారాలు నేను బయాస్ పెట్టిందంతా సాయంత్రం ఏడు దాటాక, ఆ నీరసపు కరెంటు మీద! ట్రాన్స్‌ఫార్మర్ ముసలిది కాదు, శుభ్రంగా ఉంది. ఇప్పుడు వాల్వుకి పై నుంచి తోసే కరెంటు నాలుగోవంతు పెరిగింది, పట్టి ఆపాల్సిన నా మూడు అడాప్టర్లు మాత్రం ఇసుమంత కూడా కదలకుండా నిన్నటి లెక్కే ఇస్తున్నాయి. నా తెలివే నన్ను ముంచింది. పదో తరగతి పిల్లలకి కరెంటు పాఠం చెప్పే మనిషిని, గోడలో కరెంటెంతుందో ఒక్కసారి కొలవలేదు. ఛీ! నా చదువు తగలెయ్య!

ఆపేస్తే ప్రాణం తేలికపడేది. కానీ ఆపితే మళ్ళీ వేడెక్కడానికి టైమెక్కడిది? పైగా ఆయన నావైపే చూస్తున్నారు. గాజులు తీసి సంచిలో వేశాను. ఎడం చెయ్యి కొంగులో దోపాను. అన్ని వందలమంది తలవంచుకుని ప్రసంగం వింటుంటే, బలిపీఠం పక్కన నేను బోసి చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని మర తిప్పుతున్నాను. రెండో వరసలో వదిన కళ్ళు మూసుకుంది, ప్రార్థనకో సిగ్గుకో తెలియదు. ఒక చుట్టు. ఎరుపు తగ్గలేదు. ఇంకో చుట్టు. కాలిన దుమ్ము వాసన వస్తోంది, ముందు వరసలో ఒకాయన ముక్కు ఎగబీల్చాడు. ప్రభువా, ఒక్క పాట, ఒక్క పాట అయ్యేదాకా నిలబెట్టు, తర్వాత బద్దలైపోనీ. ఇంకో చుట్టు. మర చివరికంటా వెళ్ళి ఆగిపోయింది. ఇక తిప్పడానికి లేదు. ముప్పై ఆరు వోల్టులూ అయిపోయాయి.

రేకు వంకే చూస్తూ కూర్చున్నాను. రూపాయి బిళ్ళ పావలా అయింది. పావలా చుక్కయింది. నాలుగో మాట ప్రసంగం ఆమెన్ అనేసరికి చుక్క ఆరిపోయింది. మీటరుని ఈసారి వాల్వు కరెంటు కొలిచేచోట పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది మిల్లీఆంపుల దగ్గర నిలబడింది. మంచి అంకె, ఏ మెకానిక్కైనా మెచ్చుకునే అంకె. నా వీపంతా చెమటతో తడిసిపోయింది.

అయ్యగారు మావారి వైపు తల ఊపారు. ఆయన మీటారు.

ఆ శబ్దం గుడి చివరి గోడకి తగిలింది. అంత పెద్దగా, అంత స్పష్టంగా. నేను మీటరు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. నిలబడింది! గెలిచాను! సెక్రటరీగారూ, విన్నారా? అందరూ విన్నారా? నా పళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి సంతోషంతో.

జనం పాడటం మొదలుపెట్టారు. రెండో చరణానికి వచ్చేసరికి పాట నడక సడలింది. ముందు వరసలవాళ్ళు ఆయన చెయ్యి కోసం ఆగుతున్నారు. ఒక తీగ తగులుతుంది, రెండు తప్పిపోతాయి, ఒకటి ఆలస్యంగా జరజరమంటుంది. ముప్పై ఏళ్ళుగా ఏ వేలు ఎక్కడ పడాలో తెలిసిన మనిషి. ఆ చెయ్యి పడిపోవడం, ఈడ్చుకోవడం, తడబడటం ఒక్కటి కూడా దాగకుండా, పెద్దదై, ప్రతి చెవిలోకీ పోతోంది. నా డబ్బా అంత నిజాయితీగా పనిచేస్తోంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె, "అయ్యో నా తండ్రీ, ఎట్టా వాయించేవాడివయ్యా" అని బయటికే ఏడ్చింది.

గిటారు ఆగిపోయింది.

వాల్వు పోయిందనుకున్నాను. చూస్తే రెండూ వెలుగుతున్నాయి, మీటరు ముప్పై ఎనిమిదే. అప్పుడు తలెత్తాను. ఆ పాటలో మొదటిసారి ఆయన వంక చూడటం అదే.

ఆయన నావైపు చూడటం లేదు. గుడి ఆ మూల మిక్సర్ దగ్గర కూర్చున్న సెక్రటరీగారి వైపు చూస్తున్నారు. ఎడం చెయ్యి తీగల మీదనుంచి లేచి, అరచెయ్యి కిందికి పెట్టి, గాలిని మెల్లగా రెండుసార్లు నొక్కారు. తగ్గించు, తగ్గించు. వెంటనే సెక్రటరీగారి వేలు అలవాటుగా, చూసుకోకుండానే, ఆ మీట మీదకి వెళ్ళింది. వెళ్ళాక ఆయనకి గుర్తొచ్చింది, ఆ గిటారు వైరు అక్కడికి రావడం లేదని. వేలు అక్కడే ఉంచి, నిస్సహాయంగా నావైపు చూశారు.

ఆ సైగ ఇద్దరికీ పాతది. చూసిన క్షణంలో తెలిసింది. మూడు ఆదివారాలూ తగ్గించమన్నది మావారే. విరిగిన తన వాయింపు ఎవరి చెవినా పడకూడదనుకున్నారు. కుర్చీ కావాలి, గిటారు కావాలి, పాటలో ఉండటం కావాలి. వినబడటం మాత్రం వద్దు. ముందుగదిలో తల ఊపింది చాల్లేదని కాదు. ఆటో ఎక్కనన్నది భయంతో కాదు. ఆ పెద్దమనిషి మెట్ల మీద నా తిట్లు తిని, నా మొహం తిప్పుళ్ళు భరించి, మావారి రహస్యాన్ని దాచిపెట్టారు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు మీద నేను మాత్రం నాకు తోచిన అర్థమల్లా రాసుకున్నాను.

జనం ఉత్త గొంతులతో మూడో చరణం ఎత్తుకున్నారు. మావారు ఇప్పుడు నావైపు తిరిగారు. అరచెయ్యి అలాగే గాలిలో ఉంది. స్క్రూడ్రైవర్ కింద పడేసి, చెయ్యి చాచి ముందున్న వాల్యూము మీట పట్టుకున్నాను. ఆయన అరచెయ్యి నొక్కింది. తగ్గించాను. ఇంకా నొక్కింది. ఇంకా తగ్గించాను. కళ్ళల్లో నీళ్ళకి మీట కనబడటం లేదు, అయినా ఆయన చేతి వంకే చూస్తూ తిప్పాను. ఒకచోట అరచెయ్యి ఆగింది. నేనూ ఆగాను. ఆయన చెయ్యి మళ్ళీ తీగల మీదకి వెళ్ళింది. ఇప్పుడు ఆ గిటారు ఆయనకీ, డబ్బా వెనక ఉన్న నాకూ తప్ప ముందు వరసకి కూడా అందదు. చివరి చరణం దాకా వాయించారు, తప్పులతోనే, ఒక్కసారి కూడా ఆగకుండా. పద్నాలుగు నెలల్లో ఆయన అడిగింది అడిగినట్టు నేను చేసిన పని అదొక్కటే.